అమ్మకి గుండెజబ్బు, నాన్నకి పథ్యం

అమ్మ ఇప్పుడు బాగానే ఉంది. ఆ మాట ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకి కంగారుండదు. పొద్దున్నే మాత్రలు వేసుకుని, దుకాణం అరుగు మీద కూర్చుని, మేం కుట్టిన దిండ్లలో ఎవరి కుట్టు ఎంత వంకరగా ఉందో చెబుతోంది. తగ్గనిది నా చిరాకే.

నలుగురిలో నోరు విప్పి మాట్లాడటం నాకు చేతకాదు. చిన్నప్పటి నుంచీ మనసులో ఏదన్నా ఉంటే డైరీలో రాసుకుని మూసెయ్యడమే అలవాటు. కానీ ఈ ఏడాది మా ఇంట్లో జరిగింది అట్లా మూసేస్తే ఎవరికీ పనికిరాదనిపించింది. "మా ఇంట్లో అందరం ఆరోగ్యంగా మారిపోయాం" అని మీరు ఎవరికైనా చెప్పుకుంటున్నట్టయితే, దయచేసి ఇది చదవండి. చదివాక ఒకసారి మీ వంటింట్లోకి వెళ్ళి చూడండి.

జనవరి చివర

మాది గుంటూరుకి బస్సులో గంట దూరం. ఊరి చుట్టూ పత్తి, మిరప చేలు. మేం నూర్‌బాషాలం. దూది ఏకడం, పరుపులు కుట్టడం తాతల నాటి నుంచీ మా పని. వీధి వైపు దుకాణం, వెనక ఇల్లు. నాన్న సైదులు మిషను మీద దూది ఏకుతాడు. అన్నయ్య కరీం దాన్ని గుడ్డ గలేబుల్లో నింపుతాడు. ఆ గలేబులు కుట్టేదీ, నింపిన పరుపుకి దబ్బనంతో ముడులు వేసేదీ అమ్మ మస్తాన్‌బీ. నేను డిగ్రీ అయ్యాక బీఈడీ ఎంట్రన్స్‌కి చదువుతున్నానన్న పేరుతో కథల పుస్తకాలు చదువుతున్నాను.

ఈ రోజుల్లో అందరూ స్పాంజి పరుపులే కొంటున్నా, పెళ్ళికి మాత్రం దూది పరుపు పెట్టడం మా వైపు ఇంకా పోలేదు. అవి పెళ్ళిళ్ళ రోజులు. మర్నాటికి ఇవ్వాల్సిన పరుపు మీద అమ్మ వంగి ముడులు వేస్తోంది. మధ్యాహ్నం భోజనాలింకా కాలేదు. ఉన్నట్టుండి దబ్బనం పరుపులోనే వదిలేసి గోడకి ఆనుకుంది.

"వీపులో ఎవరో గుచ్చినట్టుందే," అంది. నుదుటి మీద చెమట. దవడ పట్టుకుని నొక్కుకుంటోంది.

"గ్యాస్," అన్నాడు నాన్న, మిషను ఆపకుండానే. "పొద్దుట్నుంచీ ఏమన్నా తిన్నావా? కరీం, నిమ్మకాయ సోడా పట్రారా."

ఆ రోజు మా మేనత్త కాశింబీ కూడా నల్లపాడు నుంచి దిండు గలేబుల కోసం వచ్చి ఉంది. ఆమె వాము నలిపి అమ్మ నోట్లో పోసింది. "మా తోడికోడలికీ ఇట్టాగే వచ్చిందే, రెండు తేన్పులొస్తే పోయింది," అంది. అన్నయ్య ఫోన్లో వెతికి, గుండె అయితే ఎడమ చెయ్యి లాగాలనీ, అమ్మకి లాగుతోంది వీపు కాబట్టి భయం లేదనీ తేల్చాడు. ఊళ్ళో సూదిమందు వేసే ఆయన వచ్చి గ్యాస్ ఇంజెక్షన్ చేసి వెళ్ళాడు.

అన్నిటికన్నా ముద్దొచ్చే విషయం, అమ్మ కూడా గ్యాసే అంది. సోడా తాగి, లేచి, ఇంకో మూడు ముడులు వేసింది. పెళ్ళివాళ్ళు పొద్దున్నే వస్తారుగా మరి.

సాయంత్రం వాంతయ్యి మనిషి తెల్లగా పాలిపోతే అప్పుడు కారు దొరికింది.

గుంటూరు ఆస్పత్రిలో వరసగా ఇనప కుర్చీలు. అమ్మని లోపలికి తీసుకెళ్ళారు. నాన్న ఎక్కడెక్కడో సంతకాలు పెడుతున్నాడు, జుట్టు నిండా దూది నలకలతో. కౌంటర్‌లో ఉన్నతన్ని "మా అమ్మకి ఎలా ఉంది?" అని అడగాలి. అంతే. లేచి సగం దూరం వెళ్ళి, అక్కడ నలుగురుంటే మళ్ళీ వచ్చి కూర్చున్నాను. సంచిలో పుస్తకం ఉంటే తీసి దాని వెనక మొహం దాచుకున్నాను. ఒక్క అక్షరం కనపడలేదు.

పక్క కుర్చీలో దాచేపల్లి నుంచి వచ్చినామె ఉంది. వాళ్ళాయనా లోపలే.

"ఎవరికి తల్లీ?"

"అమ్మకి."

"ముందే తీసుకొచ్చారా?"

"గ్యాస్ అనుకున్నామండీ."

ఆమె నవ్వలేదు. "మేం సిమెంటు దుమ్మనుకున్నాం," అంది. "ఫ్యాక్టరీ పక్కన ఉంటాం కదా, దగ్గొచ్చినా దుమ్మే, ఆయాసమొచ్చినా దుమ్మే." తర్వాత నా చేతిలో పుస్తకం తలకిందులుగా ఉందని చూసిందో ఏమో, లేచి కౌంటర్ దగ్గరికి వెళ్ళి గట్టిగా అడిగింది. "ఏం బాబూ, ఈ పిల్ల వాళ్ళమ్మ సంగతేందో చెప్పు. ఇందాకట్నుంచీ వణుకుతా కూర్చుంది." అతను కనుక్కుని చెప్పాడు. రక్తనాళం తెరిచారనీ, ప్రమాదం ప్రస్తుతానికి దాటిందనీ. ఆమె పేరు కూడా నేను అడగలేదు. అడగడం నాకు రాదు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మా అందరినీ నిలబెట్టి చెప్పింది. "గుండె కండరం కొంత దెబ్బతింది. ఇంకో దెబ్బ తట్టుకోలేదు. ఉప్పు తగ్గాలి, తెల్లన్నం తగ్గాలి, రోజూ నడవాలి, విశ్రాంతి కావాలి. ఆవిడ ఒక్కరికే వేరే వండటం ఎన్నాళ్ళో ఎవరి వల్లా కాదు. ఇల్లంతా మారాలి."

ఇల్లంతా మారాలి. ఆ ఒక్క మాటా నాన్న చెవిలో పడింది. అందులో 'ఆవిడ' ఎక్కడో జారిపోయింది.

ఫిబ్రవరి, మార్చి

మొదట పరామర్శలు. మా వైపు మనిషికి జబ్బు చేస్తే చూడటానికి వచ్చేవాళ్ళు ఉత్త చేతులతో రారు. పళ్ళు, బ్రెడ్డు, కొబ్బరిబోండాలతో పాటు అదే జబ్బుతో పోయినవాళ్ళ కథొకటి తెస్తారు. కాశింబీ అత్త అమ్మ మంచం పక్కనే కూర్చుని, "మా పక్కింటామె వాళ్ళాయన కూడా ఇంటికొచ్చి బాగానే తిరిగాడే మస్తాన్‌బీ. బాగా తిరుగుతా తిరుగుతానే..." అని కళ్ళొత్తుకునేది. అమ్మ లేచి ఆమెకి టీ పెట్టేది. వచ్చినవాళ్ళందరికీ టీ పెట్టేది. వద్దని నేను లేచేలోపే గిన్నె పొయ్యి మీద ఉండేది.

తర్వాత నాన్న మొదలుపెట్టాడు. ఫోన్లో ఎవరో ఒకాయన, నున్నగా దువ్విన జుట్టుతో, నూరేళ్ళు బతకడం ఎలాగో రోజూ చెప్పేవాడు. నాన్న దూది ఏకుతూ అవి వినేవాడు. ఒకరోజు భోజనాల దగ్గర ప్రకటించాడు.

"ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో తెల్లన్నం బంద్. పచ్చళ్ళు బంద్. ఎండుచేపలు, అప్పడాలు, ఊరమిరపకాయలు అన్నీ బంద్. ఉప్పు సగానికి సగం."

"మరి ఉన్నయ్యో?" అంది అమ్మ.

"ఉన్నయ్యేంది?"

"ఏడాది బియ్యం మొన్ననే దింపుకున్నాం. ఆవకాయ జాడీలో సగం పైనుంది. మా తమ్ముడు వాడరేవు నుంచి పంపించిన ఎండుచేపలు కట్ట కూడా విప్పలా."

"ఎవరికన్నా ఇచ్చెయ్."

"చెయ్యి పెట్టిన జాడీ ఎవరికిస్తామయ్యా? ఏడాది గింజలు ఎవరన్నా గడప దాటిస్తారా?"

"అదంతా నాకు తెలవదు. నీ ఇష్టం. నా కంచంలోకి మాత్రం రాకూడదు."

"సరేలే," అంది అమ్మ.

ఆ 'సరేలే' ఎటు పోయిందో ఎవరం ఆలోచించలేదు. అమ్మ రోజుకి ఇరవైసార్లు సరేలే అంటుంది.

కొర్రలు వచ్చాయి, ఊదలు వచ్చాయి, రాగులు వచ్చాయి. వీటిలో ఏదీ ప్యాకెట్ చించి వండేది కాదు. కొర్రల్లో రాళ్ళేరాలి, నాలుగు నీళ్ళు మార్చి కడగాలి, పొద్దుటి పూట నానెయ్యాలి. రాగుల్ని మొలకలు కట్టి, డాబా మీద ఎండబెట్టి, పిండి పట్టించాలి. అంబలి మట్టికుండలోనే పులియాలంట, స్టీలు గిన్నెలో పులిస్తే సారం పోతుందంట. ఇవన్నీ ఎవరు చేస్తారు? గుండెజబ్బు మనిషి చేస్తుంది. నేను చేట అందుకుంటే, "నీకు రాళ్ళు కనపడవు, నీకు పుస్తకాలే కనపడతాయి," అని లాక్కునేది. కనపడని మాట నిజమే. కానీ నాలుగు రాళ్ళు పంటి కింద పడితే కొంపేం మునుగుతుంది?

నడక సంగతి ఇంకా బాగుంటుంది. నాన్నా అన్నయ్యా తెల్లారగానే కొత్త బూట్లేసుకుని బైపాస్ రోడ్డు దాకా వెళ్ళొచ్చేవాళ్ళు. వచ్చేసరికి అంబలి, నానేసిన బాదం గింజలు, గోరువెచ్చటి నీళ్ళు సిద్ధంగా ఉండాలి. కాబట్టి నడవాల్సిన మనిషి ఆ వేళ పొయ్యి దగ్గర నిలబడి ఉండేది.

"డాక్టరమ్మ నిన్ను కదమ్మా నడవమంది," అన్నాను ఒకసారి.

"ఇంట్లో తిరిగేది నడక కాదా?" అంది. పైగా, "ఆడమనిషి పనీపాటా లేకుండా రోడ్డు మీద ఊరికే పోతే జనం ఏమనుకుంటారే," అని నవ్వింది.

ఒకనాడు ఫోనాయన జీవితానికో లక్ష్యం ఉంటే ఆయుష్షు పెరుగుతుందని చెప్పాడు. ఆ పూట నాన్న అందరికీ పరీక్ష పెట్టాడు.

"ఏరా కరీం, నీ లక్ష్యం ఏందిరా?"

"ఈ కొర్రల బస్తా అయిపోయాక బిర్యానీ తినడం నాన్నా."

"నీకు అన్నీ వెటకారాలే. నువ్వు చెప్పవే షకీలా."

నేను తల వంచుకుని కొర్రల్ని అటూ ఇటూ కదిపాను. నాన్న అమ్మ వైపు తిరిగాడు. "నీదేందే మస్తాన్‌బీ?"

"నువ్వు తిని లేస్తే ఆ కంచం తీసేది," అంది అమ్మ.

అందరం నవ్వాం. ఆ రోజు డైరీలో కూడా హాస్యంగానే రాసుకున్నాను.

ఏప్రిల్

నాన్న సన్నబడ్డాడు. ప్యాంటు జారిపోతుంటే బెల్టుకి కొత్త చిల్లు వేయించుకున్నాడు. పరుపులకి వచ్చినవాళ్ళంతా "ఏంది సైదులూ, కుర్రాడివయ్యావు!" అంటుంటే, పని ఆపి వాళ్ళకి ఊదల గొప్పతనం చెప్పేవాడు. మిరపకాయల యార్డు నుంచి వచ్చే లారీ డ్రైవర్లు కూడా మా అరుగు మీద కూర్చుని సలహాలు రాయించుకెళ్ళారు. "మా ఆవిడకి గుండెపోటు వచ్చింది కదా, అప్పట్నుంచీ మేం పూర్తిగా మారిపోయాం," అని నాన్న చెబుతుంటే లోపల కుట్టుమిషను మీద అమ్మ గలేబు కుడుతూ ఉండేది.

అమ్మ కాళ్ళకి నీరు పట్టింది. మెట్టెలు వేళ్ళలోకి దిగి ఎర్రటి గీతలు పడ్డాయి.

"ఎండలు కదా," అన్నాడు నాన్న.

"మిషను తొక్కీ తొక్కీ," అన్నాడు అన్నయ్య.

"నీళ్ళు తక్కువ తాగుతున్నా," అంది అమ్మ.

గ్యాస్ పోయి ఎండలొచ్చాయి. ఒకసారి గుణపాఠం నేర్చుకున్న ఇల్లు రెండోసారి అదే గుంటలో ఎలా పడుతుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఇంకోటి. అమ్మ దిండు మీద దిండు వేసుకుని పడుకోవడం మొదలుపెట్టింది. మొదట రెండు, తర్వాత మూడు, చివరికి సగం కూర్చున్నట్టే. దిండ్లు కుట్టే ఇంట్లో దిండ్లకేం కొదవ? ఎవరికీ వింతగా తోచలేదు. "పోనీలే, ఇన్నాళ్ళకి సుఖపడుతోంది," అన్నాడు నాన్న. పడుకుంటే ఊపిరి ఆడటం లేదని అమ్మ చెప్పలేదు. మేం అడగలేదు.

అదే నెలలో నాన్న బియ్యం బస్తా వైపు చూసి నొసలు ముడిచాడు. "ఎవరం తినట్లేదుగా, ఇదేందే ఇట్టా తగ్గిపోయింది? ఎలకలు పడినట్టున్నయ్యి." సంతలో బోను కొనుక్కొచ్చి బస్తా పక్కన పెట్టాడు. అందులో రోజూ కొబ్బరిముక్క మార్చింది అమ్మే. ఒక్క ఎలకా పడలేదు.

"మనింటి ఎలకలు తెలివైనయ్యి," అన్నాడు నాన్న.

మేం ముగ్గురం వసారాలో కూర్చుని తింటాం. అమ్మ వడ్డిస్తుంది. మేం చేతులు కడుక్కుని లేచాక వంటింట్లో పీట వేసుకుని, ఒక్కతే తింటుంది. మా నాయనమ్మా అట్లాగే తినేది, కాశింబీ అత్తా అట్లాగే తింటుంది. "తిన్నావా అమ్మా?" అని అడిగితే "ఆఁ, తిన్నా," అనేది. అబద్ధం చెప్పలేదు. తినేది.

మే

ఒక ఉదయం అంబలి కుండ దించబోయి అమ్మ మాట రాక నిలబడిపోయింది. నోరు తెరిచి గాలి లాగుతోంది, లోపలికి పోవడం లేదు. ఈసారి ఎవరూ గ్యాస్ అనలేదు. నాన్న బూట్లతోనే వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి అమ్మని ఎత్తుకున్నాడు. కారులో గుంటూరు చేరేదాకా "ఊపిరి తీసుకోవే, తీసుకో," అంటూనే ఉన్నాడు, అమ్మ కావాలని మానేసినట్టు.

మళ్ళీ అవే ఇనప కుర్చీలు. ఈసారి పుస్తకం తీసుకెళ్ళలేదు.

ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందంట. మందులతో అది దిగాక డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చింది. అమ్మ ముక్కుకి గొట్టం. మేం ముగ్గురం గోడకి ఆనుకుని నిలబడ్డాం.

"ఏం తింటున్నారు ఇంట్లో?"

నాన్న ముందుకొచ్చాడు. "మొత్తం మార్చేశాం మేడం. కొర్రలు, ఊదలు, రాగంబలి. ఉప్పు సగం. పచ్చడి ముట్టుకోం. తెల్లన్నం చూసి..."

"మీ సంగతి మిమ్మల్ని చూస్తే తెలుస్తోంది," అంది ఆవిడ. "నేను అడిగింది ఆవిడని. చెప్పమ్మా, నువ్వేం తింటావు?"

అమ్మ పైకప్పు వైపు చూసింది. "అన్నమేనమ్మా."

"ఏ అన్నం?"

"ఇంట్లో ఉన్నయ్యే. బియ్యం."

"దేంతో?"

"ఏదుంటే అది. ఆవకాయ. ఓ పూట ఎండుచేప కాలుస్తా. అప్పడం."

నాన్న నోరు తెరిచాడు. "అదేందే! కొర్రలు వండుతున్నావుగా!"

"అయ్యి మీకు సరిపోను వండుతా." అమ్మ గొట్టం సర్దుకుంది. "మీరంతా మానేశారు. బియ్యానికి పురుగు పట్టదూ? జాడీ బూజు పట్టదూ? ఎవరో ఒకళ్ళు తియ్యాలిగా. పారేస్తామా?"

డాక్టరమ్మ కేస్ షీట్ మూసేసింది. అమ్మే మళ్ళీ అంది, కాస్త ధైర్యం చెబుతున్నట్టు. "ఇంకెంతో లేదులేమ్మా. ఆవకాయ అడుగుకొచ్చింది."

అంటే ఇదీ జరిగింది. గుండెకి చెడ్డదని మేం ముగ్గురం మా గుండెలు కాపాడుకోవడానికి వదిలేసిన ప్రతిదీ, పాడైపోతుందని, దెబ్బతిన్న గుండె ఉన్న ఒకే ఒక్క మనిషి కూర్చుని తింది. ముగ్గురి వాటా. ఓపిగ్గా. మూడు నెలలకి పైగా.

కారిడార్‌లో నాన్న కుర్చీలో కూలబడ్డాడు. "నాకేం తెలుసే? చెబితేగా! ఒక్క మాట చెబితేగా!"

నేను నాన్నతో ఎదురుగా నిలబడి మాట్లాడిన గుర్తు లేదు. ఆ రోజు మాట్లాడాను. "బస్తా నీ కళ్ళ ముందేగా తగ్గింది నాన్నా. ఎవరు తింటున్నారనుకున్నావు?"

నాన్న నా వైపు చూశాడు. మోసం లేదు ఆ చూపులో.

"ఎలకలనుకున్నా," అన్నాడు.

నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. అన్నయ్య కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు, వాడి భుజాలు కదులుతున్నాయి. నర్సు వచ్చి "ఇక్కడ గొడవ చెయ్యొద్దండీ," అంది. ఎవరం ఒక్క మాట అనడం లేదు అప్పటికి.

వచ్చే ముందు డాక్టరమ్మ నన్ను ఒక్కదాన్నీ పిలిచింది. "ఈసారి బయటపడింది. మళ్ళీ ఇట్లా నీరు చేరితే నేను మాట ఇవ్వలేను," అంది. అంతకన్నా వివరంగా చెప్పలేదు, నేనూ అడగలేదు. అడక్కపోవడం ఆ ఒక్కసారి పిరికితనం కాదు. అర్థమైంది.

జూన్

ఇంటికొచ్చిన రోజే నాన్న మిగిలిన బియ్యం భుజాన వేసుకుని, ఊరి చివర దర్గా దగ్గర అన్నం వండి పెట్టేవాళ్ళకి ఇచ్చేశాడు. గింజలు గడప దాటుతుంటే అమ్మ మొహం అటు తిప్పుకుంది. "పుణ్యానికే పోతున్నయ్యి కదే," అన్నాడు నాన్న. ఆవకాయ జాడీ కడిగింది నేను. ఎండుచేపలు అన్నయ్య తీసుకెళ్ళి ఎవరికిచ్చాడో అమ్మకి ఇంతవరకూ చెప్పలేదు. పిల్లులకి వేశాడని నా అనుమానం.

వంట మేం ముగ్గురం పంచుకున్నాం. చెప్పుకోదగ్గ వంట కాదు. నాన్న కొర్రలు కడిగితే సగం తూములో పోయాయి. కిలోల కొద్దీ దూదిని మబ్బులాగా విడదీసే మనిషికి గుప్పెడు గింజలు చేతిలో నిలవలేదు. అన్నయ్య అంబలి కలిపితే ఉండలు కట్టింది. అమ్మ మంచం మీద నుంచి "ఆ నీళ్ళు పారబొయ్యమాకండి, మొక్కలకి పొయ్యండి," "ఆ మూత కాదు, ఇంకో మూత," అని అరుస్తుంటే, విశ్రాంతి అనే మాటకి మా ఇంట్లో అర్థం లేదని తేలిపోయింది. "కష్టపడి చేస్తున్నాం, చూశావా?" అని నాన్న రోజుకోసారి అనేవాడు. అన్నప్పుడల్లా నాకు పళ్ళు నూరుకోవాలనిపించేది. ఇన్నేళ్ళూ అమ్మ ఒక్కసారన్నా ఆ మాట అందా?

నడక మాత్రం కుదిరింది. ఎండ తగ్గాక అమ్మా నేనూ పొలాల బాట పట్టుకుని మిరప కల్లాల దాకా వెళ్ళొస్తాం. ఖాళీ సంచి ఒకటి పట్టుకుంటేనే అమ్మ గడప దిగుతుంది. ఎవరన్నా "ఎక్కడికి మస్తాన్‌బీ?" అంటే, "ఇదుగో, కూరగాయలకి," అంటుంది. ఆ దారిలో కూరగాయలమ్మే కొట్టు లేదని ఊరందరికీ తెలుసు. ఎవరూ ఏమనరు. నాలుగు రోజులకి పక్కింటి కోటేశ్వరమ్మ గారు కూడా ఒక ఖాళీ సంచి పట్టుకుని మాతో బయల్దేరారు.

జూలై, ఇప్పటిదాకా

ఇన్ని మార్పులు చేసినా నాకు భయం పోలేదు. బియ్యం పోయింది సరే, రేపు ఇంకోటి మిగులుతుంది. నిన్నటి కూర, మాడిన అడుగు, అన్నయ్య వదిలేసిన ముద్ద. మేం లేచాక వంటింట్లో అమ్మ ఒక్కతే కూర్చున్నంతకాలం ఆ కంచంలో ఏముందో మాకు తెలీదు. ఏ ఫోన్లోనూ ఎవరూ చెప్పని సంగతి అది.

అందుకని ఒక పూట భోజనాల ముందు చెప్పేశాను. మనసులో చాలాసార్లు చెప్పుకున్నాక. "ఇక నుంచి ముందు అమ్మ తింటుంది. ఇక్కడే, వసారాలో. అమ్మ తిన్నాకే మనం."

నాన్న తన కంచం పక్కకి జరిపి "సరే," అన్నాడు. అన్నయ్య తలూపాడు. ఒప్పుకోనిది అమ్మే.

"ఇదెక్కడి చోద్యమే! మగాళ్ళు ఆకలితో చూస్తా కూర్చుంటే నేను మెక్కేదా? ఎవరన్నా వింటే మొహాన ఉమ్మేస్తారు."

"ఎవరు వింటారు?" అన్నాను.

"మీ అత్త వింటది."

"అత్తకి నేను చెబుతాలే," అన్నాడు నాన్న. అమ్మ ఆయన వైపు నమ్మకం లేకుండా చూసింది. నేనూ అట్లాగే చూశాను.

చేయి పట్టుకుని కూర్చోబెట్టాను. కంచంలో కొర్రన్నం, సొరకాయ కూర, పల్చటి మజ్జిగ. వండింది నాన్న, కాబట్టి రాళ్ళుంటాయి. మేం ముగ్గురం ఎదురుగా కూర్చున్నాం. అమ్మ ముద్ద కలిపింది. ఎత్తింది. మళ్ళీ దింపేసింది.

"అట్టా చూడమాకండి. నాకు దిగదు."

నాన్న తల దించుకున్నాడు.

"ఆ తల దించుకునేదేంది, ఎవరో పోయినట్టు!"

"మరేం చెయ్యమంటావే?"

"అటు తిరగండి."

నాన్న మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నెమ్మదిగా గోడ వైపు తిరిగాడు. తర్వాత అన్నయ్య. నేనూ తిరిగాను. పెచ్చులూడిన సున్నం తప్ప ఏం కనపడలేదు. అన్నయ్య కడుపులో పేగులు గట్టిగా అరిచాయి. ఎవరం నవ్వలేదు. వెనక ఏ చప్పుడూ లేదు. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయిందేమో అనుకున్నాను. తిరిగి చూద్దామంటే ధైర్యం చాల్లేదు.

కాసేపటికి గాజులు కదిలాయి. నమిలిన చప్పుడు. పంటి కింద రాయి పడ్డ చప్పుడు కూడా. మళ్ళీ గాజులు.

"ఉప్పు లేదు," అంది అమ్మ.

"తిను," అన్నాం ముగ్గురం, గోడ వైపు చూస్తూనే.